పండగ కబురు వచ్చింది, పని కబురు అడగండి

మీ ప్రశ్నలు – మా జవాబులు

సంక్రాంతి సంచికకి వచ్చిన ఉత్తరాలన్నీ ముందు వేసుకుని కూర్చుంటే చాలావాటిలో ఒకటే సంగతి, ఎమ్మెల్యే గారి పండగ సందేశం. కొన్ని నియోజకవర్గాల్లో నాలుగు పేజీల కరపత్రం ఇంటింటికీ పంచారట, కొన్నిచోట్ల వాట్సాప్ గ్రూపుల్లో వీడియో తిరిగింది, ఇంకొన్నిచోట్ల భోగిమంట దగ్గర మైకు పట్టుకుని చెప్పారు. ముగ్గుల పోటీలు, వైద్య శిబిరాలు, వేసిన రోడ్లు, వేయబోయే రోడ్లు అన్నీ కలిపి ఉన్నాయి వాటిలో. మీ ఉత్తరాల్లోంచి పార్టీల పేర్లూ నాయకుల పేర్లూ తీసేశాను. మీరడిగినవి కాకినాడ నుంచి నరసాపురం దాకా గోదావరి డెల్టాలో ఎవరైనా అడగాల్సినవే, ఎమ్మెల్యే ఎవరైనా జవాబు చెప్పాల్సినవే.

ప్రశ్న: మా ఎమ్మెల్యే గారి సంక్రాంతి కరపత్రం మా ఇంటికీ వచ్చింది. మొదటి పేజీ శుభాకాంక్షలు, తర్వాత ముగ్గుల పోటీ, కబడ్డీ, కంటి పరీక్షల శిబిరం తేదీలు. చివర్లో నియోజకవర్గ అభివృద్ధి అని పెద్ద జాబితా. అందులో మా వీధి రోడ్డు కూడా ఉంది కానీ వీధిలో మాత్రం గుంతలే ఉన్నాయి. ఇలాంటి కాగితం ఎలా చదవాలి?
– గృహిణి, అంబాజీపేట మండలం

జవాబు: ముందు ఆ కాగితం పారేయకండమ్మా, బీరువాలో పెట్టుకోండి. వచ్చే సంక్రాంతికి అవసరం పడుతుంది.

ముగ్గుల పోటీని, కబడ్డీని నేను చిన్నచూపు చూడను. హైదరాబాదు, బెంగళూరు నుంచి పిల్లలంతా దిగి ఊరు నిండుగా ఉండేది ఈ నాలుగు రోజులే, ఆ నాలుగు రోజుల్లో ఎమ్మెల్యే ఊరికి వచ్చి అందరినీ పలకరించడం మంచిదే. కంటి శిబిరం అయితే ఇంకా మంచిది, పట్నం తీసుకెళ్లే దిక్కులేని పెద్దవాళ్లకి అక్కడే చూపు సంగతి తేలిపోతుంది. అవి జరిగాయా లేదా మీ కళ్లతో మీరే చూస్తారు కాబట్టి వాటితో పేచీ లేదు.

పేచీ అంతా చివరి పేజీలో జాబితాతోనే. ప్రభుత్వ పని ఏదైనా ఒక వరసలో నడుస్తుంది. ముందు ఇంజనీరు వచ్చి కొలతలు తీసి అంచనా వేస్తాడు, అది పైకి వెళ్తుంది, పరిపాలనా ఆమోదం వస్తుంది, తర్వాత సాంకేతిక మంజూరు, తర్వాత టెండరు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, అప్పుడు పని, పని అయ్యాక కొలతలు రాసుకుని బిల్లు. ఇందులో ఎక్కడైనా ఆగిపోవచ్చు. టెండరు పిలిచినా పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టరు ఎవరూ ముందుకు రాని పనులున్నాయి, కంకర పోసి రోలరు తిప్పకుండా వదిలేసిన రోడ్లున్నాయి, ఆ కంకర మీద స్కూటర్లు జారి పిల్లలు మోకాళ్లు చీల్చుకున్న ఊళ్లున్నాయి. కరపత్రంలో మాత్రం నిన్న అంచనా వేసిన పనీ, నిరుడు పూర్తయిన పనీ పక్కపక్కనే ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి.

అందుకని మీ వీధి పేరు పక్కన మూడు మాటలు రాయండి. ఏ శాఖ, ఏ నిధులు, ఏ తేదీకి. ఆ పేజీ జిరాక్సు తీసి ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చి రండి, మీ పేరూ ఊరూ రాసే ఇవ్వండి. 2024 అక్టోబరులో పల్లె పండగ పేరుతో మొదలుపెట్టిన సిమెంటు రోడ్లలాగా ఉపాధి హామీ నిధులతో చేసిన పని అయితే అక్కడే బోర్డు పెట్టాలి, దాని మీద పని పేరు, అంచనా విలువ ఉండాలి. బోర్డు లేకపోతే అదే మీ మొదటి ప్రశ్న. వీధి వీధికీ శాఖ, నిధులు, తేదీ వేసి ఒక్క పేజీ పంపిన ఎమ్మెల్యేని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను, ఆయన ఏ పార్టీ అయినా సరే.

ప్రశ్న: కరపత్రంలో రోడ్ల గురించి ఉంది, గుళ్ల గురించి ఉంది, మురుగు కాలవల మాటే లేదు. నాది కౌలు చేను, పల్లంలో ఉంది. గట్టి వాన పడితే తొలకరి పంట సార్వా ఊడ్పులు నీళ్లలో కుళ్లిపోతున్నాయి, మళ్లీ నారు కొని ఊడ్చాల్సి వస్తోంది. డ్రైను నిండా గుర్రపుడెక్క. అడిగితే ఎండాకాలంలో చూద్దామంటున్నారు. ఆగమంటారా?
– కౌలు రైతు, ఉప్పలగుప్తం మండలం

జవాబు: ఆగొద్దండి. ఈ సంచికలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మీదే, అందుకే దీనికి చోటు ఎక్కువ ఇస్తున్నాను.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అప్పటి నుంచి మన డెల్టాలో అందరి చూపూ వచ్చే నీటి మీదే. లాకులు, షట్టర్లు, లస్కర్లు, రెండో పంట దాళ్వాకి వంతులు, నీళ్లు తగ్గితే సీలేరు నుంచి ఎంత వదులుతారు అన్న లెక్కలు, అంతా చేలోకి నీళ్లు రావడం గురించే. చేలోంచి నీళ్లు పోవడం సంగతి ఎప్పుడూ వెనకబెంచీయే. పది లక్షల ఎకరాల ఆయకట్టు, నేలేమో బల్లపరుపు, సముద్రం పక్కనే, కాబట్టి నీళ్లు వాటంతట అవి జారిపోయే వాలు లేదు. ఈ మురుగు సంగతి తేల్చడానికి 1960ల్లోనే మిత్రా కమిటీ వేశారు. డెల్టా రైతుల నుంచి డ్రైనేజీ సెస్సు కూడా వసూలు చేశారు. అంటే ఇది తెలియని జబ్బు కాదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యం అని పంట విరామం ప్రకటించి దేశమంతా మనవైపు చూసేలా చేశారు, ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చి విచారించింది, ధరలూ కూలీల ఖర్చుతో పాటు డ్రైన్లు పూడుకుపోవడం కూడా రైతులు చెప్పుకున్న పెద్ద బాధే. ఈమధ్య రాజోలు వైపు శంకరగుప్తం డ్రైనులో సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మోడులయ్యాయి. నీళ్లు బయటికి పోవాల్సిన దారిలోంచే ఉప్పునీళ్లు లోపలికి వస్తున్నాయంటే ఇక పల్లపు చేల గతి ఏమిటో నేను మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తేదీల సంగతి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. కాలవలో గానీ దాని కట్టడాల్లో గానీ ఏ పని చేయాలన్నా ఆ కొద్ది వారాలే, డ్రైన్లలో పూడిక తీయడానికీ తొలకరి ముందు అదే అదును. ఆ వారాల్లో మిషను దిగాలంటే మార్చికి టెండరు అవ్వాలి, మార్చికి టెండరు అవ్వాలంటే అంచనాలు ఇప్పుడు, ఈ జనవరిలో, తయారై పైకి వెళ్లాలి. రాష్ట్ర బడ్జెట్ సమావేశాలు కూడా ఫిబ్రవరి, మార్చిలోనే. ఎండాకాలంలో చూద్దాం అన్న మాట వింటే మంచిగానే ఉంటుంది కానీ ఎండాకాలంలో చూస్తే అంచనాకే ఎండాకాలం సరిపోతుంది. మే నెలాఖరుకి టెండరు తెరిచి, జూన్‌లో నీళ్లు వచ్చేశాక పైపైన గుర్రపుడెక్క లాగి ఫొటోలు తీసుకున్న పనులు మీరూ చూసే ఉంటారు.

ఒక డ్రైను పని ఎలా పాడవుతుందో దగ్గరగా చూడండి. పొక్లెయిన్ వచ్చి పూడిక ఎత్తుతుంది, ఎత్తింది దూరంగా తోలరు, గట్టు అంచునే పోస్తారు, తోలడానికి డీజిలు ఖర్చు కదా. అది ఎండి పిండిలా ఉంటుంది. తొలకరిలో ఒక్క వాన పడగానే ఆ మట్టంతా మళ్లీ డ్రైనులోకే జారుతుంది. ఇక రెండోది, పని ఊరి దగ్గర మొదలుపెడతారు, మొగ దగ్గర కాదు. సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటే పైన ఎంత తవ్వినా నీళ్లు ఎక్కడికి పోతాయి? కింద నుంచి పైకి రావాలి పని. మూడోది తూములు, కల్వర్టులు. పాత కల్వర్టు ఖానా ఇరుకుగా ఉంటే గుర్రపుడెక్క అంతా అక్కడే మెడకి తగులుకుంటుంది, అరటి బోదెలు, ప్లాస్టిక్, చచ్చిన గొడ్లు అన్నీ అక్కడే, ఎగువన అడుగు నీళ్లు నిలిస్తే దిగువన డ్రైను ఎండి ఉంటుంది.

ఎమ్మెల్యే గారిని అడగాల్సింది ఇదీ. మా డ్రైనుకి ఈ ఏడాది అంచనా వేశారా, ఎన్ని కిలోమీటర్లు, మొగ నుంచి మొదలా, పూడిక మట్టి ఎక్కడికి తోలాలో అంచనాలో రాశారా. డ్రైన్లు చూసే ఇంజనీర్లు జలవనరుల శాఖలో వేరుగా ఉంటారు, కాలవల ఇంజనీరుని పట్టుకుని లాభం లేదు. కలెక్టరేట్‌లో జరిగే నీటిపారుదల సలహా మండలి సమావేశంలో ఎమ్మెల్యే కూర్చుంటారు, నీళ్లు ఎప్పుడు కట్టేయాలో ఎప్పుడు వదలాలో అక్కడే మాట్లాడతారు, డ్రైన్ల మాట ఎత్తాల్సింది కూడా అక్కడే. 2024 డిసెంబరులో నీటి సంఘాలకి ఎన్నికలు జరిగాయి, మీ సంఘం అధ్యక్షుడు ఎవరో తెలుసుకుని ఆయనతో సంతకం పెట్టించి కాగితం ఇవ్వండి. కౌలు రైతు ఒక్కడూ వెళ్తే పక్కన కూర్చోబెడతారు, అది నాకు తెలుసు, బాధగా కూడా ఉంది. భూమి యజమానిని, సంఘాన్ని, సర్పంచిని వెంటబెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: ఎమ్మెల్యే అసలు పని ఏమిటి సార్? పెళ్లిళ్లకి వస్తారు, పరామర్శలకి వస్తారు, రిబ్బను కట్ చేస్తారు. ఆయన చేతిలో డబ్బు ఎంత ఉంటుంది?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: చేతిలో డబ్బు ఉండేది పెద్దగా లేదు తమ్ముడూ. ఎంపీలకి ఏడాదికి 5 కోట్ల రూపాయల స్థానిక అభివృద్ధి నిధి ఉంది, అది కూడా వాళ్లు సిఫార్సు చేస్తే జిల్లా యంత్రాంగం ఖర్చు పెడుతుంది. ఎమ్మెల్యేకి ప్రభుత్వం ఏ ఏడాది ఏం కేటాయిస్తే అది. ఆయనకి ఉన్న అసలు బలం వేరే ఉంది, అది శాసనసభలో ఉంది.

మన సభలో 175 మంది. రాష్ట్రం పెట్టే ప్రతి రూపాయికీ ఆ సభ ఆమోదం కావాలి. సభ్యుడు నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. ఒకసారి సభలో మంత్రి ఫలానా పని ఫలానా నాటికి పూర్తి చేస్తాం అన్నాక అది రికార్డు, దాన్ని పట్టుకుని ఏడాది తర్వాత మళ్లీ అడగొచ్చు. భోగిమంట దగ్గర మైకులో అన్నదానికి ఆ విలువ లేదు. అందుకే నీలాంటి కుర్రాళ్లు ఎమ్మెల్యే గారు కనపడితే సెల్ఫీ తీసుకోండి, కానీ దాంతోపాటు, సార్ పోయిన సమావేశాల్లో మన నియోజకవర్గం మీద ఎన్ని ప్రశ్నలు వేశారు అని కూడా అడగండి. మర్యాదగానే అడగండి. మండల పరిషత్ సమావేశంలో కూడా ఎమ్మెల్యే సభ్యుడే, అక్కడికి వచ్చారో లేదో చూడండి.

ప్రశ్న: పండక్కి ఊరొచ్చాను. బస్టాండు నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు మీద కారు గేరు మార్చే వీల్లేదు. ఎమ్మెల్యే గారు ముగ్గుల పోటీ బహుమతులు ఇవ్వడానికి వస్తున్నారు, అందరి ముందూ అడిగేద్దామనుకుంటున్నాను. మా నాన్న వద్దంటున్నారు.
– ఐటీ ఉద్యోగి, ఊరు ఆచంట మండలం

జవాబు: అడగండి, కానీ ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. కత్తిపూడి నుంచి అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా పోయే 216 జాతీయ రహదారి కేంద్రానిది. మండలాల్ని కలిపే పెద్ద రోడ్లు చాలావరకు ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖ వాళ్లవి, ఊళ్లని కలిపేవి పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లవి, ఊరి లోపలివి పంచాయతీవి, కాలవగట్టు మీద ఉన్నది జలవనరుల శాఖది. గట్టు రోడ్డు దగ్గరే ఎక్కువ చిక్కు, ఒకరిది అని ఇంకొకరు తప్పించుకుంటారు. ఊరి సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉంటారు, ఆయన్ని అడిగితే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

మీ నాన్నగారి భయం నాకు అర్థమైంది. మీరు నాలుగు రోజుల్లో వెళ్లిపోతారు, ఊళ్లో ఉండేది ఆయన. అందుకే ఆడపిల్లలు బహుమతులు అందుకునే వేదిక మీద నిలదీయకండి, అయ్యాక పదిమంది కలిసి కాగితం ఇవ్వండి. అదే అర్జీ సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో ఇస్తే రసీదు వస్తుంది, ఆ నంబరు మీ ఫోనులో ఉంటుంది, మీరు హైదరాబాదులో ఉన్నా వెంటపడొచ్చు. కదలకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద, రోడ్డుకి అంచనా వేశారా, ఎప్పుడు మంజూరైంది అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

ప్రశ్న: ప్రభల తీర్థానికి అన్ని ఏర్పాట్లూ చేశామని ఎమ్మెల్యే గారి వీడియోలో ఉంది. అది మా తాతల నాటి నుంచి ఊళ్లు చేసుకుంటున్న పండగ, మధ్యలో వీళ్ల ఏర్పాట్లేమిటి?
– పాఠకుడు, గంగలకుర్రు అగ్రహారం

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోటకి గుడి లేదు, గోపురం లేదు, మొసలపల్లి దగ్గర కొబ్బరితోట అంతే. కనుమ రోజు 11 ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద అక్కడికి వస్తారు. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యం ఇస్తాడు, వ్యాఘ్రేశ్వరుడి ప్రభ రాగానే మిగతా ప్రభల్ని ఒకసారి పైకెత్తి గౌరవిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. ఏ జీవో వల్లా వచ్చిన పండగ కాదిది.

మీ ఊరి ప్రభ కౌశిక కాలవ దాటడం చూసినవాళ్లు దాన్ని మర్చిపోలేరు. వెదురు బద్దలు కట్టి, రంగు బట్టలు చుట్టి, గంటలు, వరి కంకులు వేలాడదీసిన అంత ఎత్తు ప్రభ, కింద వాహకుల భుజాల మీద బొంగులు, మెడ లోతు నీళ్లు, కాలి కింద ఒండ్రు. ఒకడి కాలు జారితే పక్కవాడి భుజం మీద బరువు పడుతుంది. అశ్శరభ శరభ అని అరుపు లేస్తుంది, ప్రభ ఒక్కసారి ఊగి మళ్లీ నిలబడుతుంది, ఒడ్డునున్న ఆడవాళ్లు చేతులు జోడిస్తారు. ఊడ్చిన చేలోంచి ప్రభ వెళ్లినా రైతు ఒక్క మాట అనడు, తొక్కిన చోట పంట ఇంకా బాగా పండుతుందని నమ్మకం.

కానీ ఏర్పాట్లు మాత్రం అక్కర్లేనివి కావండి. తాతల నాడు దారికి అడ్డంగా కరెంటు తీగలు లేవు, ఇంత జనమూ లేరు. ప్రభ వచ్చే వేళకి లైను ఆపాలి, కొన్నిచోట్ల తీగ పక్కకి తప్పించాలి, ఒడ్డున ఈతగాళ్లు ఉండాలి, అంబులెన్సుకి దారి వదలాలి, ఆడవాళ్లకి మరుగుదొడ్లు కావాలి. విద్యుత్తు, పోలీసు, రెవెన్యూ, పంచాయతీ నలుగుర్నీ ఒకచోట కూర్చోబెట్టగలిగేది కలెక్టరు, లేదా ఎమ్మెల్యే. అది చేస్తే చేశామని చెప్పుకోనివ్వండి. నేను అడిగేది ఇంకొకటి. కౌశిక మన పొలాల మురుగునీరు మోసే డ్రైను కూడా. కనుమ ముందు ప్రభ దాటే రేవు వరకు గుర్రపుడెక్క తీయించి ఊరుకోకుండా, పైనా కిందా మొత్తం తీయిస్తే రుద్రులకీ రైతులకీ ఇద్దరికీ మేలు.

ప్రశ్న: మా వారు నిరుడు కోడిపందేల బరి దగ్గర నా గొలుసు పోగొట్టారు. ఈసారి బరిని మా ఎమ్మెల్యేనే వచ్చి ప్రారంభించారు. సంప్రదాయం అంటున్నారు. ఇక నేను ఎవరితో చెప్పుకోవాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, భీమవరం వైపు

జవాబు: అమ్మా, పుంజులకి కత్తి కట్టి పందెం వెయ్యడం నేరం. 1974 గేమింగ్ చట్టం ప్రకారం నేరం, 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో వీటిని ఆపాలని ఆదేశించింది కూడా. ఎవరు రిబ్బను కత్తిరించినా అది మారదు. చట్టాలు చేసే సభలో కూర్చునే మనిషి చట్టం వద్దన్న బరి దగ్గర నిలబడకూడదు, ఇది నా గట్టి అభిప్రాయం.

సంప్రదాయం అన్నవాళ్లతో నాకు వాదన లేదు, బరి పక్కన గుండాట బల్లలు, పేకాట, రాత్రంతా ఫ్లడ్‌లైట్లు ఏ సంప్రదాయమో చెప్పమనండి. నష్టపోయేది ఎప్పుడూ ఇంట్లో ఆడవాళ్ల బంగారం, పిల్లల ఫీజులు. ఆపదలో 112కి ఫోను చెయ్యొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. మీ పేరున ఉన్న బంగారం మీదే, దాన్ని మీ పుట్టింట్లోనో బ్యాంకు లాకరులోనో పెట్టుకోవడం తప్పు కాదు. డ్వాక్రా సంఘంలో నలుగురితో ఈ మాట ఎత్తండి, మీలాగే బాధపడుతున్నవాళ్లు ఆ నలుగురిలోనే ఉంటారు. పదిమంది ఆడవాళ్లు వెళ్లి, అయ్యా మా ఊళ్లో బరికి మీరు రావొద్దు అని చెబితే, ఓట్లు అడగాల్సిన మనిషి వినక తప్పదు.

ప్రశ్న: చుట్టూ నీళ్లే గానీ తాగడానికి చుక్క లేదు. బోరు వేస్తే ఉప్పు, కుళాయి నీళ్లు పచ్చగా వస్తున్నాయి. టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నాం. ఇంటింటికీ కుళాయి ఇచ్చామని సందేశంలో ఉంది.
– అంగన్‌వాడీ కార్యకర్త, మొగల్తూరు మండలం

జవాబు: కుళాయి ఇవ్వడం వేరు, ఆ కుళాయిలో తాగే నీళ్లు రావడం వేరు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకి 55 లీటర్లు మంచినీళ్లు ఇవ్వాలన్నది లెక్క. మీ వైపు భూగర్భంలో ఉప్పు, కాబట్టి ఆధారం గోదావరి కాలవే. కాలవ నీళ్లు ఊరి చెరువులో నింపుతారు, అక్కడి నుంచి ఫిల్టరు బెడ్లకి, అక్కడి నుంచి ట్యాంకుకి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక జూన్ దాకా మీరు తాగేది ఆ చెరువులో నిలవ ఉన్న నీళ్లే. ఇక్కడ కూడా ఇప్పుడు చేయాల్సిన పనులే. చెరువు పూడిక తీశారా, గట్టు గండ్లు పూడ్చారా, కాలవలు కట్టేసే ముందు నిండుగా నింపుతారా, ఫిల్టరు బెడ్లో ఇసుక ఎప్పుడు మార్చారు. ఈ చివరిది తప్పకుండా అడగండి, ఇసుక మార్చక నల్లటి పాచి పట్టిన బెడ్లు చాలా ఊళ్లలో ఉన్నాయి, నీళ్లు పచ్చగా రావడానికి అదొక కారణం.

ఇంకో కారణం చెరువుల మురుగు. రొయ్యలూ చేపలూ పెంచే చెరువుల నీళ్లు డ్రైనులోకి పోవాలి, పంట కాలవలోకి కాదు. రాత్రిపూట తూము ఎత్తి కాలవలోకి వదిలితే దిగువ ఊరి పిల్లలు ఆ నీళ్లు తాగుతారు. ఆక్వా మన జిల్లాలకి అన్నం పెడుతోంది, దాన్ని కాదనను, కానీ అన్నం పెట్టే చెయ్యి మంచినీళ్లలో మురుగు కలపకూడదు. పంచాయతీకి నీళ్ల పరీక్ష కిట్టు ఇచ్చారేమో అడగండి, ఉంటే అంగన్‌వాడీ నీళ్లు మీరే దగ్గరుండి పరీక్ష చేయించి ఫలితం రాసి పెట్టుకోండి.

ప్రశ్న: కోటిపల్లి నరసాపురం రైలు త్వరలో అని ఈ పండక్కి కూడా రాశారు. మా జీవితంలో ఎక్కుతామా?
– రిటైర్డ్ టీచరు, రాజోలు

జవాబు: ఎక్కాలనే నా కోరిక కూడానండి. జి.ఎం.సి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో, 2000–01లో మంజూరైన లైను అది, 57 కిలోమీటర్లు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 2004లో రైలు వచ్చింది, అక్కడి నుంచి గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద మూడు వంతెనలు దాటి రావాలి. రైల్వే కేంద్రానిది, ఎమ్మెల్యే త్వరలో అనడానికి ఆయన చేతిలో లేదు. ఆయన చేతిలో ఉన్నది రాష్ట్రం ఇవ్వాల్సిన 25 శాతం వాటా, భూసేకరణ. ఈ బడ్జెట్లో రాష్ట్ర వాటా ఎంత పెట్టించారు అని అడగండి, ఆ అంకె చెబితే మిగతాది మనమే అర్థం చేసుకోవచ్చు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎండలో నిలబడ్డ వాళ్లందరి తరఫునా అడగండి.

ప్రశ్న: ఇవన్నీ ఎమ్మెల్యేని అడగమంటున్నారు. మా ఊళ్లో ఆయన దగ్గరికి వెళ్లగలిగేవాళ్లు నలుగురే. మాలాంటి వాళ్లం ఎక్కడ అడగాలి?
– వ్యవసాయ కూలీ, కాజులూరు మండలం

జవాబు: గ్రామసభలో అడగండమ్మా. జనవరి 26న, ఆగస్టు 15న, అక్టోబరు 2న గ్రామసభ పెట్టడం ఆనవాయితీ, ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యులే, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టించారు, కాబట్టి తలుచుకుంటే జరిగే పనే. పండగ అయిన పది రోజులకే జనవరి 26 వస్తుంది. ఆ రోజు జెండా ఎగరేసి, చాక్లెట్లు పంచి, సంతకాలు తర్వాత ఇళ్ల దగ్గర పెట్టించుకునే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది, అది ఒప్పుకోకండి.

మీ పేట ఆడవాళ్లు ఓ పదిహేనుమంది కలిసి వెళ్లి కూర్చోండి. ఒక్కటే అడగండి, పది అడిగితే ఒక్కటీ రాయరు. మీ పేటలో మురుగు నిలిచే కల్వర్టో, చెరువు గట్టో, ఏది ముందు కావాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్లండి. పంచాయతీ కార్యదర్శి దాన్ని తీర్మానాల పుస్తకంలో రాసేదాకా లేవకండి, రాశాక చదివి వినిపించమనండి, మీలో చదువుకున్న పిల్లని ఒకర్ని పక్కన ఉంచుకోండి. తీర్మానం నంబరు, తేదీ రాసుకుని, దాని నకలు ఒకటి ఎమ్మెల్యే ఆఫీసుకి, ఒకటి సోమవారం కలెక్టరేట్‌కి పంపించండి. నంబరుతో సహా మాకు కూడా రాయండి, మార్చి సంచికలో వేస్తాం.